బోణి చెడగొట్టిన మనిషి

పాత ఇనుప సామాన్ల దుకాణంలో, విరిగిన సైకిల్ చక్రాల పక్కన పడి ఉన్న రైలు పట్టా ముక్కను చూడగానే గుర్తుపట్టాను. మూరెడు పొడవు. ఒక కొసకు బొక్క, ఆ బొక్కలో ఇంకా వేలాడుతున్న తీగ. ఒళ్లంతా తుప్పు పట్టినా నడుమ అరచేయంత మేర మాత్రం నున్నగా మెరుస్తోంది. ఏళ్ల తరబడి ఒకే చోట సుత్తె పడితే ఇనుము అట్లా తయారవుతుంది. ఎప్పుడో ఏదో బొగ్గుబాయి నుంచి వచ్చిన ముక్క అది. మా లక్సెట్టిపేట బజారు చివర ఉన్న బడికి గంటయింది.

నేను అక్కడికి పోయింది చెప్పుల డబ్బాలు పెట్టుకునే రాక్ దొరుకుతుందేమోనని. రాక్ సంగతి మరిచిపోయి పట్టా ముక్కను కాలితో కదిపి చూశాను. దుకాణదారు నాకు పాత దోస్తు. బేరంలో నా కంటే రెండాకులు ఎక్కువ చదివినవాడు.

"బడోళ్లు కరెంటు గంట పెట్టుకున్నరు సేటు. గది మూలకు పడేస్తే నేను దెచ్చుకున్న" అన్నాడు. తర్వాత, ఏదో మామూలు కబురు చెప్పినట్టు, "గంట గొట్టే ముసలాయన గూడ పోయిండు గద. ఆసిఫాబాద్‌ల, కొడుకు కాడ. పది దినాలైనట్టుంది" అన్నాడు.

నా నోరు నా మాట వినదు. పుట్టింది దుకాణాల మధ్య, ఉగ్గుపాలతోపాటు బేరం కూడా తాగించారు. మనిషి చనిపోయాడన్న కబురు చెవిలో పడుతుండగానే, "మొత్తం తుప్పే గద భాయ్, జర తగ్గించు" అన్నాను. ఎందుకు కొంటున్నానో నాకే తెలియదు, కానీ ఎక్కువ పెట్టి కొనకూడదని మాత్రం తెలుసు. ఆయన తగ్గలేదు. రేపు వస్తానని లేచాను. వెనక్కి పిలుస్తాడని పది అడుగులు మెల్లగా నడిచాను. పిలవలేదు.

ఇంటికి వచ్చేదాకా కోపం. ఇది రాస్తున్నప్పుడూ కోపమే. ఆ గంట కొట్టే మనిషి మీద ఒకప్పుడు నేను కాగితం రాసిచ్చాను, గంట ఆలస్యంగా కొడుతున్నాడని. ఆయన ఆలస్యం చేసింది నా బిడ్డ కోసం. నాకు తెలియక రాశానని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. తెలుసుకోవడానికి రెండు వందల అడుగుల దూరం నడిస్తే సరిపోయేది.

ఆయన బడిలో అటెండరు. పిల్లలు గంట తాత అనేవారు, మేము కాకా అనేవాళ్లం. ఖాకీ చొక్కా గుండీలు ఎప్పుడూ ఒకటి పైకో కిందికో తప్పి ఉండేవి. కాళ్లకు హవాయి చెప్పులు, ఎడమ చెప్పు పట్టీకి పిన్నీసు. నా దుకాణం ముందు నుంచి ఆ పిన్నీసు పెట్టిన చెప్పు రోజుకు నాలుగుసార్లు టపటపలాడుకుంటూ పోతుంటే, అది నన్ను ఎగతాళి చేస్తున్నట్టే అనిపించేది. ఒకసారి పిలిచి, కొత్త జత తీసుకో కాకా, నీకని తక్కువకిస్తానన్నాను. మీ దుకాణపోళ్లు తక్కువకిచ్చిన నాడు గోదావరి ఎన్కకు పారుతదని చెప్పి ఆగకుండా పోయాడు.

మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు. నడకలు గుర్తుండేవి. నల్లా ఎవరు విరగ్గొట్టారని పెద్దసారు అడిగితే, గా మడిమలు లేపి నడిచే పోరడు అనేవాడు. ఏ అమ్మాయి అన్నం డబ్బా మరిచిపోయిందంటే, గా కుడికాలు బయటికేసే పొల్ల అనేవాడు. వరండా మెట్లు మూడే ఉండేవి. ఆ మెట్లు దిగే పిల్లలను ఆయన చూసే తీరు, మేము దుకాణంలోకి వచ్చినవాడి జేబును చూసే తీరులా ఉండేది. ఎవరు రెండు మెట్లు ఒకేసారి దూకారు, ఎవరు గోడ పట్టుకున్నారు, ఎవరు ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగారు, అన్నీ ఆయనకు కావాలి.

సుత్తె ఎత్తిన తర్వాత వెంటనే కొట్టేవాడు కాదు. ముందు గేటు వైపు చూసేవాడు, తర్వాత బజారు వైపు, తర్వాత మళ్లీ గేటు. అప్పుడు కొట్టేవాడు. మిగతా బడుల్లో అటెండర్లు పిల్లలను ఉరకండి ఉరకండి అని అరుస్తారు. ఈయన నోటి నుంచి ఆ మాట ఎన్నడూ రాలేదు. ఆలస్యంగా వస్తున్న పిల్లలు కనిపిస్తే సుత్తె పైకెత్తి చూపించి, "నడువు బిడ్డా నడువు. గంట నా చేతిల ఉన్నది" అనేవాడు. పెద్దవాళ్లతో మాత్రం మాట్లాడితే తిట్టినట్టే ఉండేది, తిడితే కొట్టినట్టు.

ఇక నా సంగతి. నాది చెప్పుల దుకాణం. మా బాపు నేర్పిన మొదటి పాఠం, గిరాకీ ముఖం కంటే ముందు కాళ్లు చూడమని. అరిగిన చెప్పు తిప్పి చూసి ఇది బాయిలో దిగేవాడిది, ఇది బస్సు కండక్టరుది, ఇది మొగుణ్ని వదిలి పుట్టింటికి నడిచొచ్చినామెది అని చెప్పి మెప్పు పొందేవాణ్ని. బజారులో నాకు ఆ పేరుంది. అంతటివాణ్ని, నా బిడ్డ బడి చెప్పులు ఒక్క ఏడాదిలో మూడు జతలు ఎడమది ఒక పక్కకే అరిగిపోతే ఏం చేశాను? కంపెనీ మనిషిని పిలిచి, ఇదేం సరుకయ్యా అని చొక్కా పట్టినంత పనిచేసి, ముక్కుపిండి మూడు కొత్త జతలు రాబట్టాను. లాభం వచ్చిందని ఇంట్లో చెప్పుకొని నవ్వాను కూడా.

అప్పుడు నా బిడ్డ నాలుగో తరగతి. ఒక్కతే బిడ్డ. ఆ ఏడు ఎండాకాలం పోయి వానలు మొదలైనప్పటి నుంచి పొద్దున లేవడం లేదు. లేపితే కాళ్లు చాపలేక ముడుచుకునే ఉండేది. మంచం పట్టీ పట్టుకొని దిగి, గోడ పట్టుకొని నడిచేది. పేస్టు మూత తిప్పలేకపోయేది. చొక్కా గుండీలు మా ఆమె పెట్టేది. నాలుగో తరగతి పిల్లకు గుండీలు పెడుతున్నావా అని నేను అరిచేవాణ్ని. పది, పదకొండయ్యేసరికి మామూలయ్యేది. సాయంత్రం వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడేది.

నేను తేల్చేశాను, ఏషాలని. బడి ఎగ్గొట్టడానికి పొద్దున నొప్పి, ఆటకు సాయంత్రం ఆరోగ్యం. పొద్దున ఆకాశమంత ధర చెప్పి, మధ్యాహ్నానికి దిగివచ్చేవాళ్లను రోజూ చూసేవాణ్ని. నా బిడ్డ నొప్పి కూడా అట్లాంటి ధరే అనుకున్నాను. దాంతో బేరమాడాను. కుంటకుండా బడి గేటుదాకా నడిస్తే సాయంత్రం ఐస్‌క్రీమ్ అన్నాను. పెదవి కొరుక్కుంటూ నడిచింది. చూశావా, నడవగలుగుతుంది అని మా ఆమెతో అన్నాను, గెలిచినవాడిలా. ఆ సాయంత్రం ఐస్‌క్రీమ్ కొనిచ్చాను. మాట తప్పే మనిషిని కాదు మరి!

దవఖానకు చూపించలేదని కాదు. మూడుసార్లు చూపించాను. మూడుసార్లూ సాయంత్రమే. ఎందుకంటే పొద్దున బోణి. మా వీధిలో పుట్టినవాడికి బోణి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు, మిగతావాళ్లకు చెప్పాలి. పొద్దున మొదటి గిరాకీ ఏదో ఒకటి కొనకుండా పోతే ఆ రోజంతా నష్టమని మా నమ్మకం. బోణి కాకముందు దుకాణం యజమాని గడప దాటకూడదు. కడుపులో నొప్పి వచ్చినా, పెళ్లాం పురుడు పోసుకుంటున్నా, బోణి చేసుకునే కదలాలి. బోణి అయ్యాక గిరాకీ పెరుగుతుంది, అది తగ్గేసరికి పొద్దు వాలుతుంది. కాబట్టి మా ఇళ్లలో రోగాలన్నీ సాయంత్రం దవఖానకు పోతాయి.

సాయంత్రం నా బిడ్డ డాక్టరు బల్ల మీద నుంచి దూకి దిగింది. ఆయన మోకాలు వంచి చూశాడు, వంగింది. చాపమన్నాడు, దాదాపు చాపింది. ఎదిగే పిల్లలకు ఇట్లాంటివి మామూలేనని కాల్షియం సీసా రాశాడు. రెండోసారి ఇంకో సీసా. మూడోసారి నా వైపు చూసి నవ్వాడు, పిల్ల తెలివైనదని. నేనూ నవ్వాను. దవఖానకు నేను తీసుకుపోయింది సాయంత్రపు పిల్లను. రోగం పొద్దుటి పిల్లకు ఉంది. ఆ ఇద్దరూ రోజూ నా కళ్ల ముందే ఉన్నారు, నేను చూడలేదు. మోకాళ్ల నొప్పులని ఎవరితోనైనా అంటే బజారంతా నవ్వేది. పిల్లలకు కీళ్లవాతమా, ఇగ కట్టుడు పండ్ల సెట్టు పెట్టియ్యి సేటు అనేవారు.

మా బజారుకు ఇంకో కట్టుబాటు ఉంది. ఒకరి బోణి ఒకరు కొట్టేయకుండా, బడి గంట కొట్టేదాకా ఎవరూ అమ్మకం మొదలుపెట్టకూడదని మా బాపుల నాడే పెట్టుకున్నారు. షట్టర్లు తెరుస్తాం, ఊడుస్తాం, దేవుడి పటానికి పూలు పెడతాం. అగరుబత్తి మాత్రం గంట వినగానే ముట్టిస్తాం. నేను బండి మీద బిడ్డను తెచ్చి దుకాణం ముందు దింపేవాణ్ని. అక్కడి నుంచి బడి గేటుకు రెండు వందల అడుగులు. ఆ కాస్త దూరం బండి మీద దింపవచ్చు. కానీ నేను షట్టర్ తెరవాలి కదా. పిల్ల సంచి వేసుకొని అరుగులు పట్టుకుంటూ వెళ్లేది. నేను దేవుడి పటం వైపు తిరిగేవాణ్ని.

ఆ రెండు వందల అడుగులకు దానికి పది నిమిషాలు పట్టేదని నాకు తెలియదు. గంట తాతకు తెలుసు. గంట తర్వాత వచ్చినవాళ్లతో డ్రిల్లు సారు పాతిక గుంజీలు తీయించేవాడు. మోకాళ్లు వంగని పిల్లతో గుంజీలు! అందుకే ఆయన సుత్తె ఎత్తి పట్టుకొని, నా దుకాణం నుంచి గేటుదాకా నా బిడ్డ నడకను చూస్తూ నిలబడేవాడు. అది గేటు దాటి వరుసలో కలిశాక కొట్టేవాడు. ఒక్కోనాడు ఆరు నిమిషాలు, ఒక్కోనాడు ఎనిమిది. వాన పడిన నాడు ఇంకా ఎక్కువ.

ఇటు బజారులో నేను గడియారం చూసుకుంటూ మండిపోతున్నాను. ఎదుటి దుకాణంవాడు, గంటతో నాకేం పని, నా చేతికి గడియారముంది అంటూ అమ్మకం మొదలుపెట్టాడు. నా బోణి అతని గల్లాలో పడుతోంది. నేను ఊరుకునే రకమా? మంచి దస్తూరీతో కాగితం రాశాను. అటెండరు విధుల పట్ల నిర్లక్ష్యం అని మొదలుపెట్టి, విద్యార్థుల భవిష్యత్తు అని ముగించాను. విద్యార్థుల భవిష్యత్తు! బజారులో ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. పెద్దసారు చేతికి నేనే ఇచ్చాను. ఆయన కాకాకు మెమో ఇచ్చి, గంట పక్కన గోడకు కొత్త గడియారం కొట్టించాడు. ఎందుకు ఆలస్యం చేస్తున్నావని ఆయన్ను అడిగినవాడు లేడు. అడిగినా ఆయన చెప్పేవాడు కాదేమో. పిల్ల కుంటుతున్నదని పదిమందిలో అనడం ఆయనకు ఇష్టం ఉండదు.

మరునాటి నుంచి గంట గడియారం ప్రకారం మోగింది. నా బోణి నాకు దక్కింది. ఐదు రోజులు నా బిడ్డ గుంజీలు తీసింది. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. చెబితే నేను ఏమంటానో దానికి తెలుసు. ఐదో రోజు సాయంత్రం కుడి మోకాలు బత్తాయి పండంత ఉబ్బింది. మా ఆమె ఉప్పు కాపడం పెడుతూ ఏడ్చింది. ఆటలో పడి ఉంటుందన్నాను. డ్రిల్లు సారుకు ఆ తర్వాత కొన్నేళ్లకు శాలువా కప్పారు, క్రమశిక్షణ నేర్పిన గురువని. సభకు చందా నేనూ ఇచ్చాను. ఈ ముక్క రాయకుండా దాటేద్దామనుకున్నాను, కానీ కోపమంతా ఇతరుల మీదే చూపించడం దుకాణదారి పని. ఒకసారైనా తూకం సరిగ్గా వేయాలి.

ఆరో రోజు బిడ్డను బడికి పంపలేదు. నేను దుకాణానికి వచ్చాను. గంట మోగింది. అగరుబత్తి ముట్టించి తిరిగేసరికి ఎదురుగా ఖాకీ చొక్కా. గంట కొట్టి నేరుగా వచ్చినట్టున్నాడు, సుత్తె ఇంకా చేతిలోనే ఉంది. సుత్తె బల్ల మీద పెట్టి, చెప్పులు వేసి చూసుకునే స్టూలు మీద కూర్చున్నాడు. చెప్పులు సూపియ్యి సేటు అన్నాడు.

నాకు సంతోషమైంది. ఇన్నేళ్లకు పిన్నీసు చెప్పు ఓడిపోయిందనుకున్నాను. పైగా బోణి. మొదటి జత చూపించాను, బిర్రుగా ఉందన్నాడు. రెండోది వదులన్నాడు. మూడోది రంగు బాగాలేదన్నాడు. అట్లా పద్నాలుగు జతలు దింపించాడు. నేల మీద డబ్బాలు, డబ్బాల మీద మూతలు. చివరికి ఒక తోలు జత దగ్గర ఆగాడు. ధర అడిగాడు. చెప్పాను. సగానికి అడిగాడు. బోణి బేరం వదలకూడదు, తగ్గాను. ఇంకా అడిగాడు, ఇంకా తగ్గాను. అసలు ధరకు వచ్చాను, తర్వాత దాని కంటే కిందికి. జీవితంలో అంత కిందికి ఎవరూ నన్ను దింపలేదు. ఆఖరికి ఆయన తలూపాడు. నేను డబ్బా కట్టడం మొదలుపెట్టాను. ఆయన లేచి తన పిన్నీసు చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నాడు.

"ఒద్దు తియ్యి" అన్నాడు.

"అట్లనకు కాకా. బోణి బేరం."

"బోణి చెడ్డదా?"

"చెడ్డది గద ఇగ."

"మంచిగైంది. బోణి చెడ్డ దుకాణంల నీకేం పని? పొల్లను కరీంనగర్ దీస్కపో. గిప్పుడే పో. పొద్దుమీకి కాదు, గిప్పుడే."

నాకు నెత్తురు తలకెక్కింది. మా ఇంటి సంగతి నీకెందుకన్నాను. దానికి రోజూ ఇట్లనే ఉంటుందని, పదకొండుకు మంచిగైపోతుందని, అన్నీ ఏషాలని చెప్పాను. ఆయన నా మాట మధ్యలోనే అందుకున్నాడు.

"రాత్రి పిక్కలు గుంజి, పొద్దుగాల పోతే అది ఎదుగుడు నొప్పి. పొద్దుగాల పట్టేసి పొద్దుమీకి ఇడిస్తే అది రోగం. బస్సుల రెండు గంటలు కూసోబెట్టు. దిగేటప్పుడు సూడు ఎట్ల దిగుతదో. నువ్వు సూసుడు కాదు, డాక్టరును సూడుమను."

"నీకెట్ల ఎర్క?"

ఆయన సుత్తె చేతిలోకి తీసుకున్నాడు.

"నా కొడుకును పొద్దుగాల లేస్తలేడని కొట్టిన. రెండేండ్లు కొట్టిన. ఇప్పుడు కోడికూతకే లేస్తుండు. మోకాలే చాపొస్తలేదు వానికి." మెట్టు దిగి వెనక్కి తిరిగాడు. "గంట ఎవ్వల కోసం ఆపిన్నో ఎర్కనా నీకు? కాగితం మంచిగ రాసినవ్ సేటు. పెద్దసారు సదివి ఇనిపిచ్చిండు."

అప్పుడు నా కాళ్ల కింద నేల కదిలిందని రాస్తే బాగుంటుంది. కదల్లేదు. నాకు మొదట వచ్చింది బోణి చెడిందన్న కోపమే. పద్నాలుగు డబ్బాలు ఎవడు సర్దాలన్న కోపం. తర్వాత షట్టర్ దించాను. బిడ్డ మీద ప్రేమతో దించానని ఈ రోజుకూ చెప్పలేను. ఎట్లాగూ చెడిన రోజు, అమ్మినా కలిసిరాదు, పోనీ కరీంనగర్ పోయి వద్దాం అనుకొని దించాను. ఆ ముసలాయనకు మా జాతి సంగతి బాగా తెలుసు. నీతి చెబితే వినరని, బోణి చెడగొడితే వింటారని తెలుసు.

కరీంనగర్‌లో బస్సు దిగేటప్పుడు నా బిడ్డ మెట్టు మీద నిలబడిపోయింది. కాలు కిందికి రావడం లేదు. వెనకాల ఉన్నవాళ్లు తొందరపెడుతున్నారు. కండక్టరు ఎత్తుకొని దింపాడు. పిల్లల డాక్టరమ్మ దగ్గర మళ్లీ బల్ల మీద గంటసేపు కూర్చున్నాం. పిలిచినప్పుడు లేచి, నా చేయి పట్టుకొని ముసలమ్మలా అడుగులు వేసింది. డాక్టరమ్మ కుర్చీలో నుంచే ఆ నడకను చూసింది. కూర్చోగానే అడిగిన మొదటి మాట, పొద్దున లేచాక ఎంతసేపు పట్టేసినట్టు ఉంటుంది అని. ఎనిమిది నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బిడ్డ నా వైపు చూసి, చెప్పవచ్చా అన్నట్టు చూసి, పదకొండు దాకా అంది.

కీళ్లవాతం పిల్లలకూ వస్తుందని ఆమె చెప్పింది. ముసలివాళ్లకు వచ్చేది వేరు, ఇది వేరు. రక్తపరీక్షలు రాసింది. కళ్లు కూడా చూపించమంది. ఈ జబ్బులో కంటికి నొప్పి లేకుండానే లోపల వాపు రావచ్చట. వారానికోసారి వేసే మాత్రలు, పొద్దున వేడినీళ్ల స్నానం, రోజూ కీళ్లు కదిలించే వ్యాయామాలు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కుడి మోకాలు కిందికి నొక్కితే బల్లకు ఆనలేదు. ఆ సందులో ఆమె రెండు వేళ్లు పెట్టి నాకు చూపించింది. త్వరగా వస్తే ఈ సందు ఉండేది కాదు, ఇంకా ఆలస్యమైతే పిడికిలి పట్టేది అంది. తిట్టలేదు. తిడితే బేరమాడి బయటపడేవాణ్ని.

అప్పటి నుంచి చాలా ఏళ్లు పొద్దున్నే మా ఆమె బిడ్డ మోకాలి కింద వేళ్లు పెట్టి చూసేది. మందులు పనిచేశాయి, వాపులు పోయాయి, గుండీలు అదే పెట్టుకుంది, మెట్లు ఎక్కింది. కానీ ఆ సందు పూర్తిగా మూసుకోలేదు. ఒక వేలు ఇప్పటికీ పడుతుంది.

బిడ్డ కాస్త తేరుకున్నాక కాకా దగ్గరికి పోయాను. ఆ రోజు ఆయన తలూపిన తోలు జతను డబ్బాలో పెట్టి తీసుకుపోయాను. వరండా మెట్టు మీద కూర్చొని సాసర్లో చాయ్ తాగుతున్నాడు. డబ్బా వైపు చూడలేదు. పొల్ల ఎట్లుంది అన్నాడు. బాగుందన్నాను. నీ రుణం ఎట్లా తీర్చుకోవాలి కాకా, ఏం కావాలో చెప్పు అన్నాను. మేము ఇట్లాంటి మాటలు అడుగుతాం, ఎదుటివాడు ఏమీ వద్దంటాడన్న ధీమాతో.

ఆయన వద్దనలేదు. పెద్దసారుకు ఇంకో కాగితం రాసిమ్మన్నాడు. ఏమని రాయాలో కూడా చెప్పాడు. "గంట లేటు గాలే. పొల్ల వచ్చేదాక ఆగింది. గంతే రాయి."

నేను బేరం మొదలుపెట్టాను. కాగితం ఎందుకు, పెద్దసారుకు నోటితో చెబుతానన్నాను. మెమో అట్లాగే మరుగున పడిపోతుంది, పట్టించుకోకన్నాను. బతికినన్నాళ్లు నీకు చెప్పులు నా దుకాణం నుంచే అన్నాను. ఆయన చాయ్ పూర్తిగా తాగి, సాసరు బోర్లించాడు.

"నేనడిగింది ఒక్కటే రకం సేటు. నీ దుకాణంల లేకుంటే లేదను. ఏరే రకాలు సూపకు."

చూద్దాం కాకా అన్నాను. దుకాణంలో చూద్దాం అంటే లేదని అర్థం. ఆయనకూ తెలుసు. నేను ఎందుకు రాయలేదో చెబితే నవ్వొస్తుంది. బజారులో అందరితో సంతకాలు పెట్టించినవాణ్ని, మళ్లీ ఇంటింటికీ పోయి నేనే తప్పు అంటే రేపు నా మాటకు ఎవరు విలువిస్తారని. ఆ తర్వాతి ఏడు పైనుంచి ఎవరో వచ్చి ఫైళ్లు చూసి, ఆ మెమో చూసి, కాకాను చివరి రెండేళ్ల కొలువుకు ఆసిఫాబాద్ వైపు ఏదో హాస్టలుకు పంపారు. పోయే రోజు నా దుకాణం ముందు నుంచే నడిచి పోయాడు. అదే పిన్నీసు చెప్పులు. ఆగలేదు. నేను లోపల డబ్బాలు సర్దుతున్నట్టు నటించాను.

ఇప్పుడు నా బిడ్డ కరీంనగర్‌లో డిగ్రీ చదువుతోంది. ఇనుప దుకాణం నుంచి వచ్చిన రోజు ఫోన్ చేసి, గంట తాత పోయాడని చెప్పాను. నీ కోసం రోజూ గంట ఆపేవాడమ్మా అన్నాను, అదేదో నేను కనిపెట్టిన సంగతిలా.

"నాకెర్క బాపు. సుత్తె పట్టుకోని నిలవడేటోడు. మా క్లాసోళ్లందరికి ఎర్క. బజారుల నీకొక్కనికే తెల్వది." ఆ వెంటనే, "తాత అడిగిన కాగితం ఇచ్చినవా మరి?" అంది.

ఆ కాగితం సంగతి దానికి ఎవరు చెప్పారో నేను అడగలేదు.

మరునాడు పొద్దున, బోణి కాకముందే షట్టర్ దించి ఇనుప దుకాణానికి పోయాను. ఎంత అడిగితే అంత ఇద్దామని పోయాను, నిజంగా. దోస్తు గల్లా ముందు కూర్చొని చేతులు తిప్పాడు. రాత్రే లారీ వచ్చి సరుకంతా ఎత్తుకుపోయిందట. నిన్ననే తీస్కపోతే అయిపోతుండె గద సేటు అన్నాడు. నిలబడి ఆ ఖాళీ చోటు చూశాను. నేల మీద మూరెడు తుప్పు మరక.

మెమో ఇచ్చిన పెద్దసారు ఎప్పుడో బదిలీ అయ్యాడు. ఇప్పుడున్న సారుకు ఈ కథ చెబితే, కరెంటు గంట సెకను తప్పకుండా మోగుతుందని గర్వంగా చూపించాడు. గంట తర్వాత వచ్చిన పిల్లలు గేటు పక్కన వరుసగా గుంజీలు తీస్తున్నారు. ఎవరు పొద్దున పట్టేసిన కాళ్లతో వచ్చారో, ఎవరు నిద్రపోయి వచ్చారో చూసే మనిషి అక్కడ లేడు. ఆ సారు ముందు నేను అరిచాను. వెళ్లిపొమ్మన్నాడు.

కాకా అడిగింది రెండు ముక్కలు. వాటికి బదులు ఇన్ని పేజీలు తూచాను. అలవాటు, అడిగిన రకం తప్ప దుకాణంలో ఉన్న రకాలన్నీ దింపి చూపించడం. ఇగ చాలు. నువ్వడిగిన కాగితం ఇది కాకా, ఫిర్యాదు రాసిన చేతితోనే, ఏమీ తగ్గించకుండా.

గంట లేటు గాలే. పొల్ల వచ్చేదాక ఆగింది.